ప్రయోగాలా, అక్షరాలా? 3, 4, 5 తరగతులకు మూడు వేల రూపాయల్లో ఏం సమకూర్చుకోవాలి

మేడం, మీరడిగింది ఇది. వరంగల్ జిల్లాలో ఇద్దరు టీచర్లున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల (ఎంపీపీఎస్). మీ చేతిలో 3, 4, 5 తరగతులు కలిపి 26 మంది. సగం మంది గుణింతాల దగ్గరే ఉన్నారు, ఒత్తు కనబడితే ఆగిపోతున్నారు. పరిసరాల విజ్ఞానం మాత్రం పిల్లలే వెతికి తెలుసుకునేలా నడపాలంటున్నారు. మీ దగ్గర 3,000 రూపాయలున్నాయి. సైన్స్ కిట్ కొనాలా, కథల పుస్తకాలు కొనాలా, చదవడం వచ్చేదాకా ప్రయోగాలు పక్కన పెట్టాలా? ఇంగ్లీషు మీడియం కదా, దాని సంగతేంటనీ అడిగారు.

కిట్ వద్దు. అందులో సగం వస్తువులు మీ ఊళ్లో ఊరికే దొరుకుతాయి, మిగతా సగం ఏడాదిలోపు విరుగుతాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ప్రతి ప్రయోగానికీ జవాబు కార్డు డబ్బాలోనే ఉంటుంది కాబట్టి ప్రశ్న పుట్టే అవకాశమే ఉండదు.

చదవడం వచ్చేదాకా ఆగడమూ వద్దు. పిల్లలు చేసి, చూసి, నోటితో చెప్పిన మాటల్ని మీరు చార్టు మీద రాస్తే, అక్షరాలు సగమే వచ్చినవాళ్లకు అంతకన్నా తేలికైన వాచకం దొరకదు. అర్థం ముందే తెలుసు కాబట్టి శ్రమంతా అక్షరం మీదే పెడతారు. అయితే శిక్షణల్లో ఎక్కువగా దాటేసే సంగతి ఒకటుంది. ప్రయోగాలు చేసినంత మాత్రాన ఒత్తులు వాటంతటవి రావు. లిపిని విడిగా, రోజూ, నేరుగా నేర్పాల్సిందే. తొలిమెట్టుకు (చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ప్రభుత్వ కార్యక్రమానికి) ఇచ్చిన భాషా సమయంలోంచే అరగంట దీనికి తీయండి, కొత్త పీరియడ్ వెతకొద్దు. ఆ అరగంటలో వాడే మాటలు మాత్రం ఆ వారం ప్రయోగంలోంచి రావాలి.

ముందు ఆ అరగంట సంగతి. మన లిపికి ఓపిక కావాలి. హల్లు, గుణింతపు గుర్తు, ఒత్తు కలిసి వందల రూపాలవుతాయి. కన్నడ పిల్లల మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఈ రకం లిపి పూర్తిగా పట్టుబడటానికి ప్రాథమిక బడి ఏళ్లు చాలావరకు పడుతుందనే తేలింది. కాబట్టి 3వ తరగతిలో ఒత్తులు తడబడటం వింతేమీ కాదు. అలాగని వదిలేస్తే 5లోనూ అలాగే ఉంటారు.

ఒక్కొక్కరినీ మూడు నిమిషాలు కూర్చోబెట్టి పది హల్లులు, పది గుణింతాలు, పది ఒత్తులు చదివించండి. దాన్ని బట్టి తరగతితో సంబంధం లేకుండా మూడు జట్లు చేయండి. మందపాటి ఏ4 కాగితం మీద 5 సెం.మీ. గళ్లు గీస్తే ఒక కాగితానికి 20 కార్డులు వస్తాయి. మొదటి సెట్టుకు మ, క, ల, త, న, ప, ర, ట, గ, డ ఒక్కోటి రెండేసి రాయండి. దీర్ఘం, గుడి, కొమ్ము ఈ మూడే చేర్చినా తడి, మడి, గాలి, నారు, కాడ, పురుగు, మాను అన్నీ వచ్చేస్తాయి, అన్నీ చేను చుట్టూ తిరిగే మాటలే. మొత్తం గుణింతం పాటలా అప్పజెప్పించడం వల్ల నోరు తిరుగుతుందే గానీ, మధ్యలో ఒక అక్షరం చూపిస్తే పిల్లవాడు ‘క’ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు.

పోలికలున్న అక్షరాల్ని ఒకే వారంలో పెట్టొద్దు: మ–య, ప–వ–ష, ద–ధ–థ, బ–భ. ఇంకో చిక్కు పు, వు దగ్గర వస్తుంది. మిగతా హల్లులకు కొమ్ము పక్కన వస్తే వీటికి అడుగు నుంచి తిరుగుతుంది, ఎందుకంటే ‘వ’ పక్కన కొమ్ము పెడితే అది ‘మ’ అయిపోతుంది. ‘వు’ రాయబోయి ‘మ’ రాసే పిల్లలకు ఈ తేడా నల్లబల్ల మీద ఒకసారి నెమ్మదిగా చూపిస్తే చాలామందిలో తప్పు సర్దుకుంటుంది.

ఒత్తుల్లో ద్విత్వాలే ముందు. అందులోనూ ఒత్తు అసలు అక్షరాన్ని పోలి ఉండేవి మొదట: మట్టి, గడ్డి, పప్పు, పువ్వు. పోలిక లేనివి తరువాత: మక్క, విత్తు, గుమ్మడి, నల్ల, ఎర్ర. వర్షం, సూర్యుడు, ప్రశ్న లాంటి సంయుక్తాక్షరాలు ఆ తరువాతే. వారానికి ఐదారు మాటలు గోడ మీదికి ఎక్కితే చాలు. ఇరవై ఎక్కిస్తే ఎవరూ చూడరు.

ఇక డబ్బు. ధరలు కొట్టును బట్టి మారతాయి, కానీ వరంగల్ చౌరస్తా, హన్మకొండ చౌరస్తా దగ్గరి స్టేషనరీ, సైన్స్ సామాన్ల కొట్లలో ఈ లెక్కకు అటూ ఇటూగా దొరకాలి. చేతి భూతద్దాలు 6, సుమారు 360. దర్జీ టేపులు 6, 90. గ్రాము వరకు చూపే వంటింటి డిజిటల్ త్రాసు 1, 400. 100 మి.లీ. ప్లాస్టిక్ కొలజాడీలు 2, 160. చార్టులు 30, మార్కర్లు 10 కలిపి 550. మందపాటి ఏ4 కాగితాలు 150. పరిశీలన నోటుబుక్కులు 26, సుమారు 650. తాడు, బట్టల క్లిప్పులు 100. మిగిలిన 540లో 500 చిన్న పుస్తకాల ప్రింట్లకు. గాజు సామాను, పాదరసం థర్మామీటరు కొనొద్దు. దగ్గు మందు సీసాలతో వచ్చే చిన్న కప్పుల మీద మి.లీ. గీతలుంటాయి, పిల్లల్ని ఇళ్ల నుంచి తెమ్మంటే వారంలో పాతిక జమవుతాయి. కడిగించి ఎండబెట్టండి. దర్జీ టేపుకు చివర ఇత్తడి బిళ్ల ఊడిపోయి ఉంటే సున్నా అక్కడ లేనట్టే, కొనేటప్పుడే స్కేలు పక్కన పెట్టి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది గింజల ప్రయోగం, ఎందుకంటే దీని ఫలితం వారంలోపే కళ్లకు కనిపిస్తుంది. ప్రయోగాలకు జట్లు వేరు, నలుగురైదుగురితో ఆరు. ఒక్కో జట్టుకు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు నాలుగు. ప్రతి గ్లాసు లోపల పాత నూలు గుడ్డను గోడకు ఆనించి చుట్టి, గుడ్డకూ గోడకూ మధ్య పది పెసర్లు పెట్టాలి, అప్పుడే బయటి నుంచి కనిపిస్తాయి. మొదటి గ్లాసులో గుడ్డ పొడిగా ఉంటుంది. రెండోదాంట్లో తడిపి పిండిన గుడ్డ. మూడోదాంట్లో గింజలు పూర్తిగా మునిగేలా నీళ్లు. నాలుగోది తడి గుడ్డే, కానీ అట్టపెట్టెలో చీకట్లో. ఆరు జట్లకు 24 గ్లాసులు, 240 గింజలు, అంటే పిడికెడు పెసర్లు చాలు. ఒక్కో గ్లాసుకు ఒక్క గింజే పెడితే, ఆ గింజ పుచ్చిపోయినదైతే ప్రయోగమంతా పాడు. పది పెడితే లెక్క చెప్పుకోవచ్చు.

గింజల విషయంలో ఒక హెచ్చరిక. ఎరువుల దుకాణంలో ప్యాకెట్లలో వచ్చే మక్క, పత్తి విత్తనాలు బడికి తేవొద్దు. వాటికి గులాబీ, ఎరుపు, నీలం రంగు పూత ఉంటుంది. అది పురుగుమందు, శిలీంధ్రనాశిని కలిపిన పూత. పిల్లలు చేత్తో పట్టుకుని అదే చేత్తో మధ్యాహ్నం అన్నం తింటారు. వంటింట్లో ఉండే పెసర్లు, బబ్బెర్లు, మక్కలే వాడండి. పొట్టు తీసిన పప్పు మొలవదు, కానీ పిల్లలు అడిగితే అదీ ఒక గ్లాసులో పెట్టనివ్వండి, మంచి ప్రశ్నే.

మొదలుపెట్టడం సోమవారమే. గురువారం పెడితే ఆదివారం నాడు గుడ్డలు ఎండిపోతాయి. పెట్టే ముందు ప్రతి పిల్లా పిల్లవాడూ నాలుగు గ్లాసుల్లో పదికి ఎన్ని మొలుస్తాయో అంకె వేయాలి. వాక్యం రాయలేనివాడు కూడా అంకె వేయగలడు, వేశాక ఆ అంకె నిజమవుతుందో లేదోనని రోజూ గ్లాసు దగ్గరికి పోతాడు. ఊహను తరువాత దిద్దుకోనివ్వొద్దు, అలాగే ఉంచి కింద ఫలితం రాయించండి.

పెసర్లు తడి గుడ్డలో ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల్లో మొలక చూపిస్తాయి, మక్కలకు మూడు నాలుగు రోజులు కావాలి. మునిగిన గ్లాసులో తికమక మొదలవుతుంది. కొన్ని గింజలు కాస్త పగిలి మొలక చూపించి అక్కడే ఆగిపోతాయి, గురువారం నాటికి వాసన వస్తుంది. బుధవారం నాడు ‘‘నీళ్లల్ల గూడ మొలిచినయ్’’ అంటారు. కాదనకండి. ఆ రోజు లెక్క ఆ రోజు రాయించండి, శుక్రవారం మళ్లీ చూపించండి. మొలకకు నీళ్లతోపాటు గాలి కూడా కావాలన్న మాట అప్పుడు వాళ్ల నోటి నుంచి రావచ్చు. రాకపోతే ‘‘ఈ గ్లాసులో ఉన్నదేంటి, ఆ గ్లాసులో లేనిదేంటి?’’ అని అడగండి, అంతే. చీకటి గ్లాసు ఇంకా గమ్మత్తు. అందులో మొలకలు వెలుతురులోవాటికన్నా పొడుగవుతాయి, రంగు పాలిపోయి ఉంటాయి. చీకట్లోనే బాగా పెరుగుతాయని తేల్చేస్తారు. ఇంకో వారం టేపుతో కొలిపించండి, వాలిపోవడం వాళ్లే చూస్తారు. గుడ్డ రోజూ మార్చకపోయినా నీళ్లు రోజూ మార్చాలి, లేకుంటే బూజు పట్టి ఏది దేనివల్ల పాడైందో తేలదు.

ఇప్పుడు చార్టు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయండి:

సోమవారం పెసర్లు పెట్టినం.
పొడి గ్లాసుల ఒక్కటి గూడ మొలవలే.
తడి గ్లాసుల తొమ్మిది మొలిచినయ్.
మునిగిన గ్లాసుల నీళ్లు వాసనొచ్చినయ్.
చీకట్ల పెట్టినవి పొడుగున్నయ్, ఆకుపచ్చగ లేవు.

మొదటి రోజే ‘‘మొలకెత్తాయి’’ అని దిద్దితే రెండో వాక్యం చెప్పడానికి ఎవరూ నోరు విప్పరు. మర్నాడు అదే చార్టు పక్కన పుస్తక భాషలో ఐదు వాక్యాలూ రాసి, ఏది ఎక్కడ మారిందో పిల్లలతో గీత గీయించండి. ఇంటి మాట తప్పని కాదు, పుస్తకంలో ఇలా ఉంటుందని. 5వ తరగతి వాళ్లు ఈ మార్చే పని తమంతట తామే చేయగలుగుతారు.

రాత కొలతలు ముఖ్యం. గది చివర కూర్చున్నవాళ్లకు కనబడాలంటే అక్షరం 4 సెం.మీ. ఉండాలి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వాక్యానికీ వాక్యానికీ 8 సెం.మీ. దూరం వదలండి. ఇంగ్లీషు చార్టు కొలతలతో రాస్తే పై వాక్యపు ఒత్తు కింది వాక్యపు గుడి మీద ఎక్కుతుంది, సరిగ్గా ఒత్తులు రానివాళ్లకే అది గందరగోళం. నలుపు లేదా నీలం మార్కరు వాడండి. ఎరుపు దూరం నుంచి కనబడదు. చార్టుకు ఐదారు వాక్యాలు మించొద్దు.

తరువాత వచ్చే సమస్య, పిల్లలు చార్టును కంఠతా పట్టేస్తారు. వేలు మూడో వాక్యం మీద ఉంటుంది, నోరు నాలుగోది చదువుతుంది. దీనికి వాక్యపు పట్టీలే మందు. 56×71 సెం.మీ. చార్టును పొడవుగా 7 సెం.మీ. వెడల్పున కోస్తే 8 పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీ మీద ఒక వాక్యం రాసి, మొదట వాక్యాల వరుస మార్చండి, తరువాత పట్టీని మాటలుగా కత్తిరించి కలిపేయండి, చివరగా ఒక కొత్త మాట చేర్చండి: ‘పెసర్లు’ తీసి ‘బబ్బెర్లు’. అక్కడ ఆగి చూసి చదివినవాడు చదువుతున్నాడు, ఆగకుండా ‘పెసర్లు’ అన్నవాడు అప్పజెబుతున్నాడు. అప్పజెప్పినవాణ్ని మందలించక్కర్లేదు, రేపటి అరగంటలో ఏ జట్టులో కూర్చోవాలో తెలిసింది.

నోటుబుక్కులో ఎడమ పేజీ తెల్లగా, కుడి పేజీ గీతలతో ఉండేవి దొరికితే మంచిది. దొరక్కపోతే ఎడమ పేజీ బొమ్మకు వదిలించండి. తేదీ, ప్రశ్న, ఊహ, చేసింది, చూసింది, ఎందుకనుకుంటున్నా, ఈ ఆరు చాలు. రాయలేనివాళ్లు బొమ్మ వేసి గోడ మీది మాటల్లో మూడు చూసి పేర్లు పెడతారు. ఈ నోటుబుక్కులో ఎర్ర పెన్ను పెట్టకండి. గోడ మీద ఉన్న మాట తప్పు రాస్తే మాత్రం ‘‘గోడ చూసి సరిచెయ్యి’’ అనండి, మిగతా తప్పులు వదిలేయండి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే, దిద్దిన కాపీ పుస్తకం వేరే ఉందని చూపించండి.

ప్రశ్నలు రాసుకునే గోడ ఒకటి పెట్టినప్పుడు వచ్చేవి ఎక్కువగా ‘ఎందుకు’ ప్రశ్నలే. ‘‘ఆకులు ఎందుకు పచ్చగా ఉంటాయి?’’ అన్నదానికి 4వ తరగతి గదిలో చేసి చూడగలిగేది ఏమీ లేదు. దాన్ని ‘‘ఆకుకు నల్ల కాగితం చుడితే రంగు మారుతుందా?’’ అని మార్చితే పది రోజుల్లో చూసేయొచ్చు. వచ్చిన ప్రశ్నల్ని మూడు వరుసల్లో పెట్టించండి: చేసి చూడొచ్చు, ఇంట్లోవాళ్లను అడగొచ్చు, పుస్తకంలో వెతకాలి. ఈ సర్దుబాటు పనిలోనే చదవడం చాలా జరుగుతుంది.

ఇంట్లోవాళ్లను అడగాల్సిన ప్రశ్నల్లో మన ప్రాంతానికి బాగా పనికొచ్చేది, చెరువు మట్టి చేన్లకు ఎందుకు తోలారన్నది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లోంచి తీసిన పూడిక మట్టిని చాలామంది రైతులు పొలాలకు తోలుకున్నారు. ఇళ్లల్లో జవాబు ఉంటుంది. ఆ జవాబును బడిలో సరిచూడొచ్చు. లీటరు నీళ్ల సీసాను సగానికి కోసి, మూతి భాగం తలకిందులుగా కింది భాగంలో కూర్చోబెట్టి, మూతికి గుడ్డ కట్టండి. ఎర్ర చెలక మట్టి, నల్లరేగడి, చెరువు మట్టి ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, ఒక్కోటి 200 మి.లీ. పోసి, మీద 100 మి.లీ. నీళ్లు పోయాలి. ఎన్ని నీళ్లు కిందికి దిగాయో కొలజాడీతో చూడాలి. గడ్డలు అలాగే ఉంచితే సందుల్లోంచి నీళ్లు జారిపోయి రేగడి నీళ్లు పట్టుకోదని తప్పు ఫలితం వస్తుంది. రేగడిలోంచి నీళ్లు ఎంత నెమ్మదిగా దిగుతాయంటే పీరియడ్ అయిపోతుంది. కాబట్టి మీద పళ్లెం మూసి, కొలత మర్నాడు పొద్దున తీయించండి. మూయకపోతే ఆవిరైన నీళ్లు కూడా మట్టే పట్టుకుందని లెక్కలోకి వస్తుంది.

నీడల ప్రయోగం ఖర్చులేనిది, పైగా మన ప్రాంతంలో దీనికో ప్రత్యేకత ఉంది. ఒక మీటరు కర్రను ఇసుక డబ్బాలో నిటారుగా నిలబెట్టి మధ్యాహ్నపు నీడ కొలవడం అంతే. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా నడిమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. బడి తెరిచాక జూన్ మధ్య నుంచి జూలై మొదటి వారం దాకా మబ్బు లేని ఏ రోజు కొలిచినా 7 నుంచి 10 సెం.మీ. నీడ దక్షిణం వైపు వస్తుంది. డిసెంబర్ 22 దగ్గర అదే కర్ర నీడ ఉత్తరానికి సుమారు 88 సెం.మీ. ఉంటుంది. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే అని మనసులో ఉన్న టీచరు, దక్షిణానికి గీత గీసిన పిల్లవాడిదే తప్పనుకుని చెరిపించే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, మన దగ్గర సూర్యుడు బాగా ఎత్తుకు చేరేది సరిగ్గా 12కు కాదు, సుమారు 12 గంటల 10 నిమిషాలకు, నెలను బట్టి పావుగంట అటూ ఇటూ. అందుకే 11:45 నుంచి 12:30 దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర చుక్క పెట్టించి, అన్నిట్లో పొట్టి నీడను తీసుకోండి. కర్ర నిటారుతనం దారానికి రాయి కట్టి చూడండి, ఒక్క డిగ్రీ వంగినా దాదాపు 2 సెం.మీ. తేడా వస్తుంది, జూన్ నీడ ఉన్నదే అంత చిన్నది. సూర్యుడి వైపు చూడొద్దని ముందే చెప్పండి. నెలకొకసారి కొలిచిన నీడల్ని అదే పొడవు కాగితపు పట్టీలుగా కత్తిరించి గోడకు అతికిస్తే గ్రాఫ్ అన్న మాట చెప్పకుండానే గ్రాఫ్ తయారవుతుంది.

బతుకమ్మ పూలు దసరా సెలవులకు వారం ముందే పెట్టుకోండి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి చాలాసార్లు బడి మూసి ఉంటుంది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి, కట్ల ఐదేసి తెప్పించి, ఏది ముందు వాడుతుందో నీళ్లలో, నీళ్లు లేకుండా చూడటం 3వ తరగతికి. గునుగు ఎండినా రూపు చెడదు, ఎందుకో భూతద్దంతో చూస్తే కాగితంలాంటి పొరలు కనిపిస్తాయి. గుమ్మడి పూలల్లో కొన్నిటి అడుగున చిన్న కాయ ఎందుకుంది, కొన్నిటికి ఎందుకు లేదు అన్నది 5వ తరగతికి. బంతి పువ్వును విప్పితే అది ఒక్క పువ్వు కాదని తెలుస్తుంది. చెరువు కట్ట మీదికి, నీటి ఒడ్డుకు పూలకోసం పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు.

తేలేవి, మునిగేవి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరూ చేయిస్తారు. పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని పిల్లలు వినే ఉంటారు. దాన్ని ఆధారం చేసుకుని మామూలు ఇటుక ముక్క, పాదాలు రుద్దే రాయి (ప్యూమిస్), కొబ్బరి చిప్ప, మట్టి ముద్ద, అదే ముద్దతో చేసిన గిన్నె నీళ్లలో వేయించండి. ముందు త్రాసు మీద తూచి రాయించండి. బరువైనవే మునుగుతాయన్న ఊహ, తేలిన పెద్ద కర్రముక్క పక్కన మునిగిన చిన్న మేకు బరువు రాసిన చోట నిలబడదు.

జట్టుకు నలుగురు, తప్పనప్పుడు ఐదుగురు. ఆరుగురైతే ఇద్దరు కిటికీలోంచి చూస్తారు. సామాను, కొలత, రాత, చెప్పడం, ఈ నాలుగు పనులు వారం వారం మారాలి. మార్చకపోతే 5వ తరగతి పిల్లే ఎప్పుడూ రాస్తుంది, 3వ తరగతి పిల్లవాడు ఎప్పుడూ నీళ్లు తెస్తాడు. రాత వంతు వచ్చిన పిల్లవాడికి రాయడం రాకపోతే వంతు దాటేయకండి, తోడుగా ఒకరిని కూర్చోబెట్టండి. తోడు మాట చెబుతారు, పెన్ను మాత్రం వాడి చేతిలోనే.

పుస్తకాల మూలకు కేంద్ర పథకమైన సమగ్ర శిక్షాలో ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. అది వచ్చినప్పుడు ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల తెలుగు పిల్లల పుస్తకాలు చూడండి. రానప్పుడు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దింపుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ అనుమతి ఉంది, పేర్లున్న పేజీ తీసేయకుండా ముద్రించుకుంటే సరి. 16 పేజీల కథను బుక్‌లెట్ పద్ధతిలో ఏ4 మీద రెండు వైపులా తీస్తే 4 కాగితాలు, మధ్యలో స్టేపుల్. 500 రూపాయల్లో సుమారు 35–40 పుస్తకాలు వస్తాయి. నలుపు తెలుపులో ముదురు రంగు బొమ్మలు మసిగుడ్డలా పడతాయి, గీత బొమ్మలున్నవే ఎంచండి. ముందు మీరు గట్టిగా చదివి చూడండి, కొన్ని అనువాదాల్లో వాక్యం నోటికి తిరగదు, అలాంటివి వదిలేయండి. అట్ట ముఖం కనబడేలా తాడు మీద క్లిప్పులతో వేలాడదీయండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే చెదలకు తప్ప ఎవరికీ అందవు. పిల్లల ప్రయోగాల చార్టులు మూడు నెలలయ్యాక ఏ4 మీద తిరగరాసి కుడితే అవీ ఈ తాడు మీదే వేలాడాలి, కింది తరగతివాళ్లు వాటినే ముందు లాక్కుంటారు.

మీ బడిలో తండా పిల్లలు, కోయ గూడెం పిల్లలు ఉంటే, గ్లాసుల దగ్గర మాట్లాడుకునేది వాళ్ల భాషలోనే సాగనివ్వండి. వస్తువుల కార్డుల మీద లంబాడీ మాట, కోయ మాట కూడా తెలుగు లిపిలో, పిల్లలనే అడిగి రాయండి. ఇంగ్లీషు మీడియం సంగతి అడిగారు కదా. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు ఉన్న పాఠ్యపుస్తకం చేతిలో ఉంది కాబట్టి ప్రశ్న, ఊహ, చర్చ తెలుగులో జరిపి, చివర్లో ఐదు మాటలకు ఇంగ్లీషు పేర్లు చేర్చండి, ఆ పేజీలో అవి ఎక్కడున్నాయో వెతికించండి. ఇంగ్లీషులో ఊహ చెప్పమంటే పిల్లలు ఊహించడం మానేసి మీ ముఖం చూస్తారు.

చదివే వేగం కొలవాల్సి వచ్చినప్పుడు కేంద్రం నడిపే చదువు–లెక్కల కార్యక్రమం నిపుణ్ భారత్‌లో 3వ తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలని ఉంది. తెలుగులో ‘మొలకెత్తుతున్నాయి’ కూడా ఒక్క పదమే, ‘తడి’ కూడా ఒక్క పదమే. అందుకని అంకెను నెత్తిన పెట్టుకోకండి. నెలకొకసారి పిల్లలు ఎప్పుడూ చూడని 40 పదాల పేరా ఒకటి, గోడ మీది మాటలు ఓ పది అందులో ఉండేలా మీరే రాసుకోండి. ఎక్కడ ఆగారో, ఏ ఒత్తు దగ్గర తప్పారో గుర్తుపెట్టుకుని, చదివాక రెండు ప్రశ్నలు అడగండి, ఒకటి పేరాలో జవాబున్నది, ఒకటి ఆలోచించి చెప్పాల్సింది. చార్టు మీది పాత వాక్యాలతో పరీక్ష పెడితే అందరికీ చదవడం వచ్చినట్టే కనిపిస్తుంది. తప్పిన ఒత్తులు వచ్చే వారం కార్డుల్లోకి వెళ్తాయి. ఆ ఒత్తున్న మాటలు ఏ ప్రయోగంలో ఎక్కువ దొరుకుతాయో చూసి తరువాతి ప్రశ్న ఎంచుకుంటే రెండు పనులూ ఒకే ప్రణాళికలో ఇమిడిపోతాయి.